నల్లగా ఉన్న చోటు

కంపెనీ వ్యాను ఆగాక రాజవ్వ దిగడానికి చాలాసేపు పట్టింది. ముందు కుడికాలు నేలకు ఆనించింది. తర్వాత రెండు చేతులతో ఎడమ తొడ పట్టుకుని, ఎవరిదో సామాను దించుతున్నట్టు ఆ కాలిని మెల్లగా బయటికి తీసుకుంది. వెంట వచ్చిన యువకుడు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

ఎక్స్‌రే గది కిటికీలోంచి తాజున్నీసా ఇదంతా చూసింది. పటాన్‌చెరులో హైవే పక్కనున్న ఆ పరీక్షా కేంద్రంలో ఆమె పదకొండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తోంది. మనిషి నడిచి వచ్చే తీరులోనే సగం సంగతి ఆమెకు తెలిసిపోతుంది. ఈమె మోకాలు వంచడం లేదు. వంచితే లోపల ఏదో అడ్డుపడుతుందని భయపడుతోంది.

యువకుడి పేరు శ్రావణ్‌కుమార్. బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాల ఆఫీసు ఉద్యోగి. రాజవ్వ అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద ఖాళీ డ్రమ్ములు కడుగుతుంది. నలభై ఆరేళ్ల మనిషి. ఊరు లక్డారం.

"ఎట్ల పడ్డవక్కా?" బల్ల మీద తెల్లగుడ్డ సర్దుతూ అడిగింది తాజున్నీసా.

"పడలే బిడ్డా. చెక్క ప్యాలెట్ మీద నిలబడి డ్రమ్ము దింపుతున్న. చెక్కల సందుల కాలు ఇరికింది. మనిషినేమో ఇటు తిరిగిన, కాలు అట్లనే ఉండిపోయింది. లోపల టప్పుమన్నది."

ముందు వెల్లకిలా పడుకోబెట్టి ఒకటి తీసింది. తర్వాత పక్కకు తిప్పి, మోకాలిని కొంచెం వంచాలి. వంచబోతే రాజవ్వ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తాజున్నీసా మోకాలి కింద స్పాంజి ముక్క పెట్టి, ఒక్కో వేలెడు జరుపుతూ, "అయిపోయిందక్కా, ఇంతే, కదలకు" అంటూ సీసపు తెర వెనక్కి పరుగెత్తి మీట నొక్కింది. మూడోది నిలబెట్టి తీసింది. బరువు మోపమంటే రాజవ్వ కుడికాలి మీదే నిలబడింది. తాజున్నీసా ఆమె నడుము పట్టుకుని బరువును ఎడమవైపు నెట్టాల్సి వచ్చింది.

ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. పగులు లేదు, గీత లేదు. పక్కగదిలో డాక్టర్ రాజారావు మూడు ఫోటోలనూ పెద్దవి చేసి చూశాడు. ఫ్యాక్టరీ వాళ్ల ఫారం తాజున్నీసా చేతిలో ఉంది. అందులో రెండే గళ్లు. ఎముక విరిగింది. ఎముక విరగలేదు.

"విరగలేదు. టిక్ పెట్టు, సంతకం చేస్తా" అన్నాడు డాక్టరు. ఆయన ముందు ఇంకా పదిమంది ఫోటోలు ఉన్నాయి.

తాజున్నీసా రెండో గడిలో టిక్ పెట్టింది. శ్రావణ్‌కుమార్ అక్కడే నిలబడి చూశాడు.

"అంటే ఏం లేనట్టే కదా మేడం?"

"ఎముక విరగలేదు సార్."

"అదే."

అది అదే కాదని ఆమెకు తెలుసు. చెబుదామని నోరు తెరిచేసరికి బయట వరసలో ఉన్నవాళ్లు తలుపు తట్టారు. అతను ఫారం మడిచి జేబులో పెట్టుకుని, "నడువమ్మా, ఏం కాలే నీకు. రేపు డ్యూటీకి రా" అన్నాడు. ఆ గొంతులో కోపమేమీ లేదు. మంచి కబురు చెబుతున్నట్టే చెప్పాడు.

నాలుగో రోజు రాజవ్వ షేర్ ఆటోలో ఒక్కతే వచ్చింది. మోకాలు ఉబ్బి, దాని కింద కాలు సన్నబడినట్టు కనిపించింది. వరసలో నిలబడలేక గోడకు ఆనుకుని ఉంది. తాజున్నీసా మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవబోతూ ఆమెను చూసి లోపలికి పిలిచింది.

రాజవ్వ రవికలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. "ఇది జెర సదివి చెప్పు. గేటు కాడ ఇచ్చిన్రు. సంతకం పెట్టుమంటే ఏలిముద్ర ఏసిన."

ఫ్యాక్టరీ వాళ్ల మెమో అది. తాజున్నీసా మనసులో ఒకసారి చదువుకుంది. తర్వాత పైకి చదివింది. "వైద్య పరీక్షలో ఎటువంటి దెబ్బ లేదని తేలినప్పటికీ, గాయమైనట్టు నటిస్తూ విధులకు రావడం లేదు..."

"నటించుడంటే?"

"నొప్పి లేకున్నా ఉన్నదని చెప్పుడు."

రాజవ్వ కాగితం కేసి చూసింది. "పోయిన్నమ్మా. మంగళారం పోయిన. కూసుండి డ్రమ్ము కడుగుతుంటే మోకాలు పట్టేసింది. తలుపు కింద రాయి ఇరికితే తలుపు ఎట్ల పడదు, గట్ల. ఇటు రాదు, అటు పోదు. నలుగురు పట్టి లేపిన్రు. లేపినోళ్లే నవ్విన్రు." మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "ఇంట్ల ఆయన గూడ గదే అన్నడు. ఎముక ఇరగలేదంట గదా, జెర నడిస్తే అదే సర్దుకుంటదని. నువ్వు తీసిన ఫోటోల ఉన్నదంట గదా, నాకేం కాలేదని?"

తాజున్నీసా డబ్బా మూతపెట్టి లేచింది. కంప్యూటర్‌లో సోమవారం నాటి ఫోటో తెరిచి, కుర్చీ లాగి రాజవ్వను దాని ముందు కూర్చోబెట్టింది.

"ఇగో, తెల్లగున్నది ఎముక. పైది తొడ ఎముక, కిందిది కాలి ఎముక. రెంటి నడుమ నల్లగ సందు కనబడ్తుంది కదా? అది ఖాళీ కాదక్కా. ఆడ గుజ్జు ఉంటది, మెత్తది. ఎముకకు ఎముక రాసుకోకుండ. ఈ మిషిన్‌కు ఎముకనే కనబడ్తది. గుజ్జు మంచిగున్నా నల్లగనే ఉంటది, చినిగినా నల్లగనే ఉంటది."

రాజవ్వ తెర మీది ఆ నల్లటి సందుకు దగ్గరగా ముఖం పెట్టి చూసింది.

"మరి నల్లగున్నదాంట్ల ఏం లేదని ఎట్ల చెప్పిన్రు?"

 తాజున్నీసా టిక్ పెట్టిన కుడిచేతిని తెర మీంచి తీసుకుంది. డాక్టరు గదిలోకి వెళ్లి, భోజనం చేస్తున్న ఆయన ముందు నిలబడింది. పదకొండేళ్లలో ఆయన భోజనం మధ్యలో ఆమె ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు.

రాజారావు చెయ్యి కడుక్కుని వచ్చాడు. అల్ట్రాసౌండ్ గదిలో రాజవ్వ మోకాలికి చల్లటి జెల్లీ రాసి, పరికరాన్ని ముందూ పక్కలా తిప్పాడు. ఒకచోట ఆపాడు. "నీరు బాగా చేరింది. ఊరికే చేరదు ఇంత." మోకాలు వంచమన్నాడు. సగం దాకా వంగి ఆగిపోయింది. "దీంతో గుజ్జు పైపైన, అంచులే కనిపిస్తాయి తాజున్నీసా. లోపల బరువు పడేచోటికి చేరలేం, ఎముక అడ్డం. ఎం.ఆర్.ఐ. కావాలి. అందులో గుజ్జు గుజ్జులా కనిపిస్తుంది."

"మన రిపోర్టుల అది రాసుంటే బాగుండేది సార్" అంది తాజున్నీసా.

ఆయన జెల్లీ తుడుస్తున్న కాగితం చేతిలోనే ఉండిపోయింది. "ఫారంలో ఆ గడి లేదమ్మా" అన్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, కార్మికుల బీమా నడిపే ఇ.ఎస్.ఐ. దవాఖాన వాళ్లకు సొంత చేత్తో పేజీ నిండా ఉత్తరం రాశాడు.

ఎం.ఆర్.ఐ.కి తొమ్మిది రోజుల తర్వాత పిలుపు వచ్చింది. పరీక్ష పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో. రాజవ్వ భర్త పెద్దరాములుకు ఉబ్బసం. మెట్లెక్కితే దమ్ము అందదు. తాజున్నీసా సెలవు పెట్టి వెంట వెళ్లింది. "నీకెందుకే ఇదంతా" అని ఇంట్లో అత్త అడిగితే, ఆ మిషిన్ ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదని చెప్పింది. అది కూడా నిజమే.

లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. రాజవ్వ పుస్తెలతాడు తీసి, కళ్లకద్దుకుని తాజున్నీసా చేతిలో పెట్టింది. మెట్టెలు రాలేదు. పెళ్లినాడు పెట్టినవి, వేళ్లు వాటి చుట్టూ పెరిగాయి. బాత్రూము ముందు బల్ల మీద రాజవ్వ కాలు ఒళ్లో పెట్టుకుని, తాజున్నీసా సబ్బు నురగ రాసి కొంచెం కొంచెం తిప్పుతూ లాగింది. పక్కన కూర్చున్నవాళ్లు ఒకసారి బురఖా వైపు, ఒకసారి మెట్టెల వైపు చూశారు.

"నా కాళ్లు పట్టుకుంటున్నవా" అని రాజవ్వ కాలు వెనక్కి తీసుకోబోయింది.

"కదలకు. రోజూ పదిమంది కాళ్లు పట్టుకుంటనే ఉంటా. నా పనే అది."

మెట్టెలు ఉన్నచోట చర్మం పసిపిల్లల ఒంటిలా తెల్లగా, మెత్తగా ఉంది.

లోపలి నుంచి అరగంటపాటు సుత్తితో రేకులు బాదినట్టు చప్పుడు వచ్చింది. అక్కడి టెక్నీషియన్ మంచి మనిషి. తాజున్నీసా కూడా అదే పని చేస్తుందని తెలిసి, అద్దం పక్కన కుర్చీ చూపించాడు. తెర మీద బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి, మోకాలిని పలుచగా పొరలు పొరలుగా కోసి పేర్చినట్టు. ఎక్స్‌రేలో నల్లటి సందుగా ఉన్నచోట ఇప్పుడు బూడిదరంగు పొర నున్నగా సాగుతోంది. తాజున్నీసా ఊపిరి బిగబట్టి చూసింది. ఇన్నేళ్లూ తను ఫోటోలు తీసిన వేల మోకాళ్లలో ఇది ఉందన్నమాట, తనకు కనపడకుండా. తర్వాతి బొమ్మలో ఆ పొర హఠాత్తుగా తెగింది. బొటనవేలి గోరంత మేర ఎముక బోడిగా ఉంది. ఇంకో నాలుగు బొమ్మల తర్వాత, మోకాలి వెనక భాగంలో నీళ్లలో ఆ ఊడిన ముక్క తేలుతోంది.

"ఇది మధ్యలో వచ్చినప్పుడల్లా కాలు పట్టేస్తుంది" అన్నాడు టెక్నీషియన్. "ఎముక ముక్క అయితే మీ ఎక్స్‌రేలోనూ కనిపించేది. ఇది ఉత్త గుజ్జు."

రాజవ్వ బయటికి వచ్చాక తాజున్నీసా ఎలా చెప్పాలా అని తడబడింది. "అక్కా, గుజ్జు ఊడింది. గుంత పడ్డది. ముక్క లోపలనే తిరుగుతుంది."

"ఉన్నదా?" రాజవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "కనబడ్డదా అందులో?"

"కనబడ్డది."

రాజవ్వ ముఖం వికసించింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే అలాగే నవ్వింది. "ఉన్నదంటే నేను ఉత్తగ చెప్పలే గదా. ఆయనకు సూపిస్త. నవ్వినోళ్లందరికి సూపిస్త." గుంత పడిందన్న మాటకు అంత సంతోషించిన మనిషిని తాజున్నీసా అంతకుముందు చూడలేదు. తిరుగు బస్సులో రాజవ్వ ఆ పెద్ద కవరును ఒళ్లో నిలబెట్టుకుని, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం పెద్దరాములు ఫోటోను కిటికీ వెలుగుకు పెట్టి చూశాడట. ఏమీ అర్థం కాక, ఎక్కడుందో చూపించమన్నాడట.  చూపించాక లేచి, ఆయాసపడుతూనే పొయ్యి మీద నీళ్లు కాచి, ఆమె మోకాలికి కాపడం పెట్టాడట. మరుసటి రోజు ఫోనులో ఇదంతా చెబుతుంటే రాజవ్వ గొంతు పెళ్లికూతురి గొంతులా ఉంది.

శ్రావణ్‌కుమార్ వారానికోసారి కొత్త కార్మికుల పరీక్ష ఫారాలు ఇవ్వడానికి కేంద్రానికి వస్తాడు. ఆ రోజు తాజున్నీసా రాజవ్వను కూడా రమ్మంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరైతే లోపలికి పంపరు.

అతను రిపోర్టు మొదటి పేజీ నిలబడే చదివాడు. రెండో పేజీకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తాజున్నీసా అతని ముఖమే చూస్తోంది. వాదిస్తాడనుకుని మాటలన్నీ సిద్ధం చేసుకుంది.

"తప్పయింది మేడం" అన్నాడు. రాజవ్వ వైపు తిరిగాడు. "సారీ అమ్మా. నాకు తెల్వదు గిట్ల ఉంటదని. మెమో వాపస్ తీసుకుంట."

తాజున్నీసా సిద్ధం చేసుకున్న మాటలు ఎటూ కాకుండా పోయాయి. రాజవ్వ అంది, "అయితే రేపటికెల్లి రమ్మంటరా సారు? కూసునుడు కష్టం గాని, నిలబడి చేసే పని ఏదన్న ఇయ్యిన్రి."

అతను రిపోర్టుతో వచ్చిన డాక్టరు చీటీ తీశాడు. దాన్ని బల్ల మీద సాపు చేస్తూ ఉండిపోయాడు. "ఇగో, ఇండ్ల ఏం రాసిన్రో చూడండి మేడం. కింద కూసోవద్దు, మెట్లెక్కద్దు, బరువు లేపద్దు. మా దగ్గర ఈ మూడు లేని పని ఏమున్నది? ఈ కాగితం కండ్లార చూసి నేను ఈమెను లోపలికి తోల్తే, రేపు ఏమన్నైతే నన్ను పట్టుకుంటరు."

"దెబ్బ తగిలింది మీ దగ్గరనే కదా సార్."

"ఆ దినం ప్రమాదాల రిజిస్టర్ల ఎక్కియ్యలే. మీ ఫారంల విరగలేదని వచ్చింది, ఏం లేదనుకున్నం. ఇప్పుడు ఎక్కియ్యమంటే మూడు వారాలు ఏం చేసినవని మా పైవాళ్లు అడుగుతరు. ఇంటికాడ తగిలించుకున్నదేమో అంటరు." అతను తలెత్తలేదు. "నేను అంటలేను. వాళ్లంటరు. కేసు వేసుకోమనండి, నేను వద్దంటలేను. ఏండ్లు పడ్తది."

బయట లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. రాజవ్వ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"అంటే... అబద్ధమన్నప్పుడు పనికి రమ్మన్నరు. నిజమని తెలిసినంక వద్దంటున్నరా?"

 ఆమె కవరు అందుకుని, ఫోటోలను ఒక్కొక్కటిగా అందులో పెట్టుకుంది. తాజున్నీసా సాయం చేయబోతే, "నేను పెట్టుకుంట తియ్యి" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అయినా తాజున్నీసా ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు. ఆ పరీక్ష చేయించమని డాక్టరు దాకా పోయింది తనే. వెంట వెళ్లింది తనే. ఏమీ కనపడని ఫోటోతోనే వదిలేసి ఉంటే, కుంటుకుంటూనో నవ్వులపాలవుతూనో రాజవ్వ ఈపాటికి డ్రమ్ములు కడుగుతూ ఉండేది. ఆ ఆలోచన తప్పని తెలుసు. తెలిసినా అది పోలేదు.

నెలన్నర గడిచింది. ఒక ఉదయం కేంద్రం ముందు టెంపో ఆగింది. ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో కొత్తగా చేరబోతున్న ఆడవాళ్లు తొమ్మిదిమంది. అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయాలి. తర్వాత పక్కగదిలో కొత్తగా వచ్చిన డాక్టర్ హర్షిణి చూసి, పనికొస్తారనుకున్నవాళ్ల కాగితం మీదే ముద్ర వేస్తుంది.

ఏడో మనిషి రాజవ్వ.

తలుపు మూసుకున్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రాజవ్వ చిక్కింది. జుట్టుకు నూనె రాసి గట్టిగా ముడేసుకుంది, నున్నగా కనిపించాలన్నట్టు.

"ఆపరేషన్ అక్కా?"

"తారీఖు ఇచ్చిన్రు. దసరా దాటినంక. అయినంక మూడు నెలలు కాలు కింద పెట్టద్దంట." భుజాల మీద కొంగు తీస్తూ అంది. "ఆయనకు చలికాలం అస్సలు చాతగాదు. నేనుగూడ పండుకుంటే ఎవరు చెయ్యాలె?"

"ఈ పని వద్దక్కా. కూసున్నప్పుడల్ల ఆ ముక్క మిగిలిన గుజ్జును గూడ గీకుతది. రెండేండ్లల్ల మొత్తం పోతది."

"తెలుసు. ఆడ డాక్టరు గూడ చెప్పిండు." రాజవ్వ ప్లేటు ముందు నిలబడి, తనే గడ్డం పైకెత్తింది. "తియ్యి."

తాజున్నీసా ఆమె భుజాలు ముందుకు వంచి, ఫోటో తీసింది. ఛాతీ బాగానే ఉంది. రాజవ్వ రవిక సర్దుకున్నా వెళ్లలేదు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఒక్క పని చెయ్యి. లోపల డాక్టరమ్మ మూడుసార్లు కూసుండి లేవమంటదంట. ఇంట్ల చేసి చూసిన. లేస్తున్న. గాని మొఖం ఎట్లుంటుందో నాకు తెల్వది. ఇంట్ల అద్దం గోడకు ఎత్తుల ఉన్నది, కూసుంటే కనబడది. నువ్వు చూసి చెప్పు."

తాజున్నీసా వద్దని అనబోయింది. అప్పటికే రాజవ్వ కూర్చుంటోంది. చేతులు ముందుకు చాచి, నడుము నిటారుగా పెట్టుకుని, నెమ్మదిగా కిందికి దిగింది. లేచింది.

"కనబడ్డదా?"

 "కండ్లు గట్టిగ మూస్తున్నవ్" అంది తాజున్నీసా.

రాజవ్వ తల ఊపి మళ్లీ కూర్చుంది. ఈసారి కళ్లు తెరిచే ఉంచింది. ఎదురుగా గోడ మీది గడియారం వైపు చూస్తూ లేచింది.

"పెదవి కొరుకుతున్నవ్."

మూడోసారి లేస్తున్నప్పుడు మోకాల్లో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఇద్దరికీ వినిపించింది. రాజవ్వ సగంలో ఆగి, బల్ల అంచు పట్టుకోకుండా చేతులు గాల్లోనే ఉంచి, పూర్తిగా నిలబడింది. ముఖం మీద ఏమీ లేదు. నుదుటి మీద మాత్రం చెమట.

"గీ చప్పుడు ఇనబడ్తదా?"

"ఆ గదిల ఫ్యాను మోగుతది" అంది తాజున్నీసా. అన్నాక, ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అనిపించింది.

రాజవ్వ చెమట తుడుచుకుంది. బయట ఆమె పేరు పిలిచారు. వెళ్తూ వెళ్తూ తాజున్నీసా చెంప మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, కుంటకుండా నడుచుకుంటూ పక్కగదిలోకి వెళ్లింది.

తర్వాతి మనిషి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. తాజున్నీసా ఆమె గడ్డం ప్లేటు మీద ఆనించి, మోచేతులు ముందుకు తిప్పి, తెర వెనక్కి వెళ్లింది. "గాలి పీల్చి బిగబట్టమ్మా" అంది.

గోడ అవతల నుంచి చిన్న డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఒకటి." తర్వాత, "రెండు."

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఫ్యాను మోగుతోంది. తాజున్నీసా మీట మీద వేలు పెట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది.

"ఇడువాల్నా అమ్మా?" బిగబట్టిన గొంతుతో అడిగింది ఆ అమ్మాయి.

"ఆగు. జెర ఆగు."

"మూడు" అంది అవతలి గొంతు. ఆ వెంటనే కాగితం మీద రబ్బరు ముద్ర పడిన చప్పుడు.

"ఇగ ఇడువు" అంది తాజున్నీసా. అప్పుడు చూసుకుంది, మీట నొక్కనేలేదని. కళ్లు తుడుచుకుని, మళ్లీ గాలి పీల్చమని ఆ అమ్మాయికి చెప్పింది.